కథ తెలిసిన కుంచె

*రాముడికి ఒక తోలు, రావణుడికి ఒక తోలు. ఏది ఎవరికో తెలియాలంటే ముందు రామాయణం రావాలి. అనంతపురం కరువు పీఠభూమి మీద కథల్లోంచి రంగుల్లోకి నడిచిన నిమ్మలకుంట చిత్రకారుల గురించి ఈ ఆదివారం...*

పొద్దున తొమ్మిది కాకముందే నిమ్మలకుంటలో ఎండ చురుక్కుమంటుంది. ఇంటి ముందు మేకతోలు నాలుగు పక్కలా లాగి బిగించి ఆరబెట్టి ఉంటుంది. వేడినీళ్లలో నాని, బొచ్చూ కండా గీకించుకుని, ఇప్పుడది వెలుతురు దూరేంత పలచనైంది. అవతల మనిషి నిలబడితే ఆకారం ఇవతలికి మసకగా కనిపిస్తుంది. వసారాలో చాప మీద, ముందే ఆరిన మరో తోలు పరుచుకుని ఒకామె వంగి కూర్చుంటుంది. చేతిలో సన్నటి కుంచె, పక్కన నల్ల సిరా. నుదురు, ముక్కు, గడ్డం, మెడ ఒకే గీతలో దిగుతాయి. ఆ తర్వాత చేయి ఆగుతుంది. ఈ స్త్రీ ఎవరు? సీత అయితే ఏ ఘట్టంలో సీత?

పెళ్లిపీటల మీద సీత అయితే ఒంటి నిండా నగలుండాలి. అశోకవనంలో సీత అయితే లెక్క మారుతుంది. రావణుడు ఎత్తుకుపోతున్నప్పుడు ఆమె నగలు మూటగట్టి కొండ మీద కూర్చున్న వానరుల మధ్యకు జారవిడిచింది. దాచుకున్న చూడామణి హనుమంతుడి చేతికి ఇచ్చాక అదీ ఉండదు. తల మీద ఆ మణి ఉండాలా వద్దా అన్నది హనుమంతుడు రాకముందా, వచ్చి వెళ్లాకా అన్నదాన్ని బట్టి తేలుతుంది. జవాబు తోలులో దొరకదు, రంగుల గిన్నెలోనూ దొరకదు. కథలో వెతకాలి.

చిత్రకారులు ఎలా తయారవుతారని అడిగితే మనకు వెంటనే గుర్తొచ్చేది ఫైన్ ఆర్ట్స్ కాలేజీ, లేదంటే పుట్టుకతో వచ్చిన చేతివాటం. ధర్మవరం మండలంలోని ఈ చిన్న ఊరు మూడో దారి చూపిస్తుంది. ఇక్కడ మనిషి ముందు వింటాడు, అడుగుతాడు, కంఠతా పడతాడు. గీయడం తర్వాత వస్తుంది.

లేపాక్షిలో జటాయువు

2024 జనవరి 16న ప్రధాని నరేంద్ర మోదీ లేపాక్షి వీరభద్రస్వామి ఆలయానికి వచ్చారు. అయోధ్య రామాలయంలో ప్రాణప్రతిష్ఠకు ఇంకా ఆరు రోజులుంది. రావణుడితో పోరాడి రెక్కలు తెగిన జటాయువు పడిన చోటు లేపాక్షే అని ఈ ప్రాంతం నమ్మకం. గుడిలో రంగనాథ రామాయణ పద్యాలు వినిపించారు. జటాయువు కథను తోలుబొమ్మలతో ఆడి చూపించారు. టీవీల్లో ఆ దృశ్యం చూసిన చాలామంది తెలుగువాళ్లు, ముఖ్యంగా పాతికేళ్లలోపు వాళ్లు, తెర మీద కదిలే తోలుబొమ్మను చూడటం బహుశా అదే మొదటిసారి.

దానికి నాలుగేళ్ల ముందు, 2020 జనవరిలో, నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు పేరు పద్మశ్రీ జాబితాలో వచ్చింది. అదే జాబితాలో శ్రీకాకుళం రంగస్థల కళాకారుడు యడ్ల గోపాలరావు పేరూ ఉంది. ఒకరు పద్యనాటకం, ఇంకొకరు తోలుబొమ్మ. రాష్ట్రానికి అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు.

ఆ రెండు సందర్భాల్లోనూ ఈ కళ గురించి పత్రికల్లో చాలా రాశారు. ఎక్కువ భాగం 'అంతరించిపోతున్న హస్తకళ' అన్న ఒక్క మాట చుట్టూ తిరిగింది. అంతరించిపోతున్నదేమిటో, బతికి ఉన్నదేమిటో విడదీసి చూడకుండా ఆ మాట అనేయడం ఈ కుటుంబాలకు అన్యాయం అనిపిస్తుంది.

వాన కోసం ఆడే ఆట

అనంతపురం ఎందుకిలా ఎండిపోయి ఉంటుందో భూగోళం చెబుతుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే బరువు దించుకుని, ఇటు వచ్చేసరికి తేలిపోతాయి. ఈశాన్య రుతుపవనాలూ, బంగాళాఖాతం తుపానులూ తీరాన్ని తడిపి ఇంత లోపలికి వచ్చేసరికి అలిసిపోతాయి. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ ఒక్కో ఏడు నాలుగు రోజుల్లో కురిసి వెళ్లిపోతుంది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటని బడిపిల్లలు కూడా చెబుతారు. ఎర్రనేల, రాళ్ల గుట్టలు, శెనక్కాయ చేలు, వాటి మధ్య గొర్రెల, మేకల మందలు. పంట నమ్మించి మోసం చేసినా మంద కొంత ఆదుకుంటుంది. తోలుబొమ్మకు కావలసిన ముడిసరుకు కూడా ఆ మందల నుంచే వచ్చింది.

ఈ నేలకూ ఆ ఆటకూ అంతకంటే లోతైన బంధం ఇంకోటుంది. వానలు పడకపోతే ఊరు చందాలేసుకుని బొమ్మలాటవాళ్లను పిలిపించేది. విరాటపర్వం చదివినా, ఆడినా వాన పడుతుందని తెలుగునాట పాత నమ్మకం. ఉత్తర గోగ్రహణం నాటికి పాండవుల అజ్ఞాతవాసం తీరిపోతుంది, కష్టం గట్టెక్కుతుంది. కరువులో ఉన్న ఊరు ఆ కథలో తన్ను తాను చూసుకునేది. అందుకే బొమ్మలాట ఈ ప్రాంతంలో కాలక్షేపంగా మాత్రమే సాగలేదు. అది మొక్కు, ప్రార్థన, ఊరంతా కలిసి చేసే ఒక ప్రయత్నం.

ఊరి బయట నాలుగు గుంజలు పాతి, తెల్లటి పంచెలు రెండు కలిపి కుట్టి తెర కట్టేవారు. వెనక ఆముదపు దీపాలు. ఆ తర్వాతి కాలంలో పెట్రోమాక్స్ లైట్లు. వినాయకుడి బొమ్మను ముళ్లతో తెరకు గుచ్చి, ప్రార్థనతో మొదలుపెడితే తెల్లవారుజాము దాకా ఆట. హార్మోనియం, మృదంగం, తాళాలు. యుద్ధం వచ్చినప్పుడు కాళ్ల కింద చెక్కపలకను దడదడా తొక్కేవారు. ఆడవాళ్లు ఆడపాత్రల మాటలూ పాటలూ అందుకునేవారు. స్టేజీ నాటకాల్లో మగవాళ్లే ఆడవేషాలు కట్టిన కాలంలో కూడా ఈ తెర వెనక సీత గొంతు ఆడగొంతే.

బాక్స్: కేతిగాడు, బంగారక్క

*రాముడు అరణ్యవాసానికి బయల్దేరాడు. జనం కళ్లొత్తుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే తెర మీదకు కేతిగాడు గెంతుతాడు. వెనకాలే జుట్టుపోలిగాడు, బంగారక్క. పురాణంలో వీళ్లకు చోటు లేదు, తోలుబొమ్మలాటలో వీళ్లు లేనిదే రాత్రి గడవదు. ఊళ్లో అప్పులిచ్చే షావుకారు నుంచి పన్నులు గుంజే అధికారి దాకా అందరినీ ఆటపట్టించే హక్కు వీళ్లకుంది. మాట మొరటుగా ఉంటుంది, జనం విరగబడి నవ్వుతారు. నిద్రపోతున్న పిల్లలు లేచి కూర్చుంటారు. పాండిత్యం రాముడి పక్కన ఉంటే ఊరు వీళ్ల పక్కన ఉంటుంది.*

ముందు పాఠం, తర్వాత గీత

ఈ కుటుంబాలు ఇంట్లో మాట్లాడేది మరాఠీ యాస. కొన్ని శతాబ్దాల కిందట మహారాష్ట్ర నుంచి దక్షిణానికి వచ్చామని వీళ్ల పెద్దలు చెప్పుకుంటారు. తెర వెనక నిలబడితే మాత్రం నోట పలికేది తెలుగు ద్విపద. పదమూడో శతాబ్దంలో గోన బుద్ధారెడ్డి రాసిన రంగనాథ రామాయణం వీళ్లకు ఇంటి ఆస్తి. ఉడుత భక్తి, సులోచన కథ వంటి జానపదుల మనసుకు దగ్గరైన ఘట్టాలను కలుపుకున్న రామాయణమది. ద్విపద పాటకు వంగుతుంది, చిందుకూ వంగుతుంది. రాత్రంతా ఆడే ఆటకు అంతకంటే అనువైన ఛందస్సు లేదు.

ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, కంఠతా పట్టాల్సిన భాష ఇంకొకటి. ఈ కష్టాన్ని మనం తేలిగ్గా తీసుకుంటాం. బడి మొహం చూడని మనిషి వందలాది ద్విపదలు గుర్తుంచుకుని, సందర్భాన్ని బట్టి వచనం కల్పించి, ఎదుట కూర్చున్న జనాన్ని బట్టి ఘట్టాన్ని కుదించో సాగదీసో చెప్పగలిగాడంటే అది చదువు. పిల్లలు తెర వెనకే పెరిగారు. బొమ్మలు అందించడం, తాళం వేయడం, వంత పాడడం, ఆ తర్వాత చిన్న పాత్రకు గొంతివ్వడం. ఈ మెట్లన్నీ ఎక్కినవాడికి బొమ్మ గీసే వేళకు ఆ పాత్ర పుట్టుక, కోపం, చావు అన్నీ తెలిసి ఉండేవి.

అందుకే ఒక్క హనుమంతుడికి ఒక్క బొమ్మ సరిపోదు. లంకలో సీత ముందు చెట్టుకొమ్మ మీద కూర్చున్న చిన్న కోతి వేరు, ఆమెకు నమ్మకం కలిగించడానికి పెరిగి నిలబడ్డ మహాకాయుడు వేరు. రావణుడికి పది తలల బొమ్మ ఒకటి, పంచవటికి వచ్చిన సన్యాసి బొమ్మ ఒకటి. అర్జునుడికి గాండీవంతో ఒకటి, బృహన్నలగా ఒకటి. కథ మలుపు తిరిగినప్పుడల్లా చిత్రకారుడికి కొత్త బొమ్మ పని పడుతుంది. ఎక్కడ మలుపు తిరిగిందో తెలియనివాడు ఎన్ని బొమ్మలు చేయాలో కూడా తేల్చుకోలేడు.

నర్తకి బొమ్మ చూడండి. మెడ దగ్గర, నడుము దగ్గర, భుజాల దగ్గర, మోచేతుల దగ్గర కీళ్లు. ముక్కలు విడివిడిగా కోసి దారంతో ముడేస్తారు. రాజు బొమ్మకు అన్ని కీళ్లు అక్కర్లేదు. అతను కూర్చుని ఆజ్ఞలిస్తాడు. ఏ పాత్ర ఎంత కదలాలన్న నిర్ణయం కూడా కథ నుంచే వస్తుంది.

బాక్స్: ఎవరికి ఏ తోలు?

*పాతకాలంలో తోలు ఎంపికే ఒక వ్యాఖ్యానం. దేవతలకు, ఇతిహాస నాయకులకు కృష్ణజింక తోలు. భీముడు, రావణుడు లాంటి బలశాలులకు గట్టిదైన దుప్పి తోలు, తెర మీద వాళ్లు పడే కొట్లాటకు తట్టుకోవాలి కదా. మిగిలిన పాత్రలకు మేకతోలు. చాలా బొమ్మలకు ఒక తోలు చాలు. రావణుడికి మాత్రం కనీసం నాలుగు కావాలి: ఒంటికొకటి, కాళ్లకొకటి, అటు అయిదు చేతులకొకటి, ఇటు అయిదు చేతులకొకటి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింక, దుప్పి తోళ్ల మాటే లేదు. ఇప్పుడు అందరూ మేకతోలే.*

*దేశంలో తోలుబొమ్మలు ఇంకా చాలాచోట్ల ఉన్నాయి. కేరళ తోల్పావకూత్తు బొమ్మ తెర మీద నల్లటి నీడగా పడుతుంది. ఒడిశా రావణఛాయ బొమ్మ చిన్నది, కీళ్లు లేనిది, రంగులూ లేనిది. ఆంధ్ర బొమ్మ నాలుగు నుంచి ఆరడుగుల ఎత్తుంటుంది, తెర మీద రంగులతోనే వెలుగుతుంది.*

వెలుతురుతో వేసే బొమ్మ

కాన్వాసు మీద వేసే చిత్రకారుడికి వెలుతురు ముందు నుంచి వస్తుంది. ఇక్కడ వెనక నుంచి. ఈ ఒక్క తేడాతో మొత్తం పని మారిపోతుంది. రంగు మందంగా పూస్తే తెర మీద నల్లటి మచ్చ పడుతుంది. అందుకని తోలులోకి ఇంకి, వెలుగును వెళ్లనిచ్చే పలచని రంగులే వాడాలి. ఒకప్పుడు చెట్ల నుంచి, ఆకుల నుంచి తీసుకున్నారు, ఇప్పుడు ఎక్కువగా కొన్న సిరా రంగులు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు, నలుపు. రెండు పక్కలా పూస్తారు. బొమ్మ ఎటు తిరిగినా అదే నిండుదనం ఉండాలి.

ఇక రంధ్రాలు. రకరకాల మొనలున్న చిన్న ఉలులు పెట్టి సుత్తితో ఒక్కొక్కటే కొడతారు. పగలు చూస్తే అవి తోలుకు పడిన చిల్లులు. వెనక దీపం పెట్టగానే రాముడి కిరీటంలో ముత్యాలవుతాయి, చీర అంచులో జరీ అవుతాయి. తెల్లరంగు ఎక్కడా పూయరు, తెలుపు కావలసిన చోటల్లా తోలు తీసేస్తారు. చిత్రకళలో నాకు తెలిసిన అతి సాహసమైన పద్ధతుల్లో ఇదొకటి. ఎక్కువ కొడితే తోలు చిరుగుతుంది, తక్కువ కొడితే నగ మసకబారుతుంది. దిద్దుకునే వీలు లేదు.

గుడి పైకప్పు నేర్పిన పాఠం

లేపాక్షి మంటపంలో తల పైకెత్తి పైకప్పు చిత్రాలు చూసినవాళ్లకు నిమ్మలకుంట బొమ్మలు ఎక్కడో చూసినట్టే ఉంటాయి. పక్కకు తిరిగిన ముఖం, కొనదేరిన ముక్కు, చెవి దాకా సాగిన కన్ను, బిగుతుగా వేసిన నల్లటి అంచుగీత. వరసగా నిలబడిన మనుషులు. చీరల మీద చారలు, గళ్లు, పూలు. చిత్రకళా చరిత్రకారులు ఈ పోలికను చాలాకాలంగా గమనిస్తూనే ఉన్నారు. గోడ మీది గీత తోలు మీదికి దిగిందా, తోలు మీది గీత పైకప్పుకు ఎక్కిందా అని వాదించుకోవచ్చు. రెండూ ఒకే నేల చేతులు, ఒకే కథలు నమ్ముకున్న చేతులు అన్నంతవరకూ వాదన లేదు.

ధర్మవరం పట్టుచీరల అంచుల్లోనూ లేపాక్షి పూలు కనిపిస్తాయని నేతగాళ్లు చెబుతారు. రాష్ట్ర హస్తకళల సంస్థ తన దుకాణాలన్నిటికీ 'లేపాక్షి' అని పేరు పెట్టుకుంది. వాన కురవని ఈ నేల చీరకూ గోడకూ తోలుకూ ఇన్ని రంగులు ఎలా పంచిందా అని బయటివాళ్లు ఆశ్చర్యపోతారు. నాకైతే ఇందులో వింతేమీ లేదు. ఏడాదిలో పది నెలలు కంటికి ఎర్రమట్టీ బూడిదరంగు బండలే కనిపించే చోట మనిషి రంగును ఇంట్లోనే తయారుచేసుకుంటాడు.

బాక్స్: పైకప్పు మీద విజయనగరం

*అచ్యుతదేవరాయల (1529–1542) కాలంలో, పెనుకొండ ప్రాంతంలో అధికారం నెరపిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కూర్మశైలం అనే గుట్ట మీద లేపాక్షి ఆలయం కట్టించారు. పైకప్పు మీద కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, పార్వతీ కల్యాణం, ఆవు దూడ కోసం కొడుకును శిక్షించిన చోళరాజు కథ కనిపిస్తాయి. పొడుగాటి కుళ్లాయిలు పెట్టుకున్న ఆస్థాన పురుషుల మధ్య ఆ సోదరులూ భక్తులుగా నిలబడి ఉంటారు. సున్నపు పూత మీద కావిరంగు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, దీపపు మసి నలుపు. గుడికి కొద్ది దూరంలో ఏకశిలా నంది. 2022లో ఆలయం, నంది కలిసి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి.*

తెర దించేసిన రాత్రులు

ఆట ఎప్పుడు ఆగిపోయిందంటే ఒక్క తారీఖు చెప్పలేం. టూరింగ్ టాకీసులు ఊరూరా డేరా వేశాయి. ఊరికి కరెంటు వచ్చింది, ఆ వెనకే టీవీ వచ్చింది. రాత్రంతా మెలకువగా కూర్చునే అలవాటు పోయింది. వీటన్నిటికీ తోడు ఈ జిల్లాలో ఇంకో కారణం ఉంది, దాన్ని ఎక్కువమంది ప్రస్తావించరు. వాన కోసం కలిసి మొక్కిన ఊరు, బోర్లు వచ్చాక ఎవరి పొలంలో వాళ్లు నీళ్లు వెతుక్కుంది. వందల అడుగులు దిగినా దుమ్మే వచ్చిన రైతు అప్పులపాలయ్యాడు. కుటుంబాలు బెంగళూరుకు, కేరళకు పనికి వెళ్లిపోయాయి. బొమ్మలాటకు చందా వేయాల్సిన చేతులే ఊళ్లో లేవు. కరువు పిలిపించిన ఆటను కరువే ఊరికి దూరం చేసింది.

ఆ సంధికాలంలోనే చదువుకున్నవాళ్లు ఈ కళ వైపు చూడటం మొదలుపెట్టారు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ తోలుబొమ్మలాట ప్రదర్శన మీద 1984లో పరిశోధన గ్రంథం సమర్పించారు. మరుసటి ఏడాది ఆచార్య మొదలి నాగభూషణశర్మ పుస్తకాన్ని సంగీత నాటక అకాడమీ ప్రచురించింది. తెర వెనక ఏం జరుగుతుందో కూర్చుని విని, రాసి పెట్టిన పని అది. పాడేవాళ్లు ఇంకా ఉండగానే ఆ పని జరిగినందుకు తెలుగువాళ్లం రుణపడి ఉంటాం.

దీపం చుట్టూ రామాయణం

కుటుంబాలు ఆకలితో ఎంతకాలమని కూర్చుంటాయి? చేతిలో ఉన్నది గీత, రంగు, తోలు, వెలుగు. ఆడేవాళ్లు లేకపోయినా కొనేవాళ్లు ఉండొచ్చు. 1970ల తర్వాత హస్తకళల బోర్డులు, ఎగ్జిబిషన్లు దారి చూపించాయి. బొమ్మ లాంప్‌షేడ్ అయింది. గోడకు తగిలించే పటమైంది. తలుపు తెర, గది విభజించే తడిక, చెవి దుద్దులు కూడా అయింది. వెనక నుంచి వెలుతురు కావాలన్న పాత సూత్రమే లాంప్‌షేడ్‌లో కొత్త చోటు వెతుక్కుంది. ఆముదపు దీపం ముందు నిలబడ్డ రాముడు ఇప్పుడు బల్బు చుట్టూ తిరుగుతున్నాడు.

ఇది పతనమని బాధపడేవాళ్లున్నారు. నేను అలా అనుకోను. ఈ మలుపే లేకపోతే నిమ్మలకుంటలో ఇవాళ ఒక్క కుంచె కూడా తడిసేది కాదు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కిందంటే, శిల్పారామాల్లో, ఢిల్లీ హాట్‌లో వీళ్ల దుకాణాలు ఉన్నాయంటే ఈ మలుపు వల్లనే. ముఖ్యంగా ఆడవాళ్లకు ఇది చోటిచ్చింది. ఆటలో వాళ్ల గొంతు వినిపించేది, మనిషి కనిపించేది కాదు. ఇప్పుడు గీసేదీ, రంగులద్దేదీ, ఎగ్జిబిషన్‌లో నిలబడి కొనేవాళ్లతో మాట్లాడేదీ చాలాచోట్ల వాళ్లే.

నష్టం వేరేచోట జరుగుతోంది. లాంప్‌షేడ్‌కు కథ అక్కర్లేదు. నెమళ్లు, ఏనుగులు, పూలతీగలు చాలు, అవే త్వరగా అమ్ముడవుతాయి. పాత తరంవాళ్లు ద్విపదలోంచి రంగులోకి వచ్చారు. కొత్త తరంవాళ్లు నేరుగా రంగుతో మొదలుపెడుతున్నారు. వాళ్ల గీత ఏమీ తక్కువది కాదు, కొందరిది పెద్దవాళ్లకంటే నాజూకు. కానీ అశోకవనంలో సీత తలలో మణి ఉండాలా అన్న దగ్గర ఆ చేయి ఆగడం లేదు.

పురస్కారం వచ్చిన ఏడాది

చలపతిరావుది ఆ పాత దారి. చిన్నప్పుడే ఇంటి పెద్దల వెంట ఆట నేర్చుకుని, ఆడుతూ గీస్తూ బతుకంతా గడిపిన మనిషి. 2020 జనవరిలో పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఊరు పండగ చేసుకుంది. ఫోన్లు, కెమెరాలు, సన్మానాలు. ఎన్నో ఏళ్ల తర్వాత ఊరి పేరు దేశమంతా వినిపించిన నెల అది.

మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. పురస్కార ప్రదానం వాయిదా పడి 2021 నవంబరులో గానీ జరగలేదు. ఆ కాలంలో ఎగ్జిబిషన్లు చాలావరకు ఆగిపోయాయి. ఎగ్జిబిషన్ లేకపోతే ఈ ఇళ్లలో రాబడి లేదు. నెలల తరబడి చేసిన సరుకు పెట్టెల్లోనే ఉంది. దేశం గుర్తించిన ఏడాదే చేతిలో డబ్బు ఆడని ఏడాది కావడం ఈ వృత్తి ఎంత సన్నటి దారం మీద వేలాడుతోందో చూపించింది. కొందరు పిల్లలు ఫోన్లలో ఫొటోలు పెట్టి ఆర్డర్లు తెచ్చుకోవడం నేర్చుకున్నారు. ఇంకొందరు కూలికి వెళ్లారు.

2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో ధర్మవరం, లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. ఊళ్లో మాత్రం మాది అనంతపురం అనే చెప్పేవాళ్లే ఎక్కువ.

ఎవరిని పండితుడంటాం?

తెలుగువాళ్లలో చదువు దారిన చిత్రకళకు వచ్చినవాళ్లంటే సంజీవదేవ్ పేరు ముందు వస్తుంది. 1914లో గుంటూరు జిల్లా తుమ్మపూడిలో పుట్టి, యవ్వనంలో హిమాలయాల దాకా తిరిగి, కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ దగ్గర గడిపి, తత్వం, సౌందర్యశాస్త్రం, భాషలు తనంత తాను నేర్చుకున్నాడాయన. ఊరికి తిరిగొచ్చి, 1999లో కన్నుమూసేదాకా రాస్తూ రంగులు వేస్తూ బతికాడు. అడివి బాపిరాజు నవల రాసిన చేత్తోనే బొమ్మలు వేశాడు. వీళ్లను మనం మేధావులన్నాం, గౌరవించాం. అందులో ఏ అతిశయోక్తీ లేదు.

నిమ్మలకుంటలో ద్విపద రామాయణం కంఠతా పట్టి, ఘట్టఘట్టానికీ పాత్ర మనసును అంచనా వేసి, దానికి తగిన తోలు, రంగు, కీలు ఎంచిన మనిషిని మాత్రం 'హస్తకళాకారుడు' అంటాం. అతని పేరు చేనేత, చెక్కబొమ్మల పక్కన ప్రభుత్వ జాబితాలో చేరుతుంది. చిత్రకళా ప్రదర్శనశాలలో చేరదు. సంజీవదేవ్‌ను హిమాలయాలకు నడిపించిన జిజ్ఞాసే తెర వెనక కూర్చున్న పిల్లవాడినీ 'తర్వాత ఏమైంది?' అని అడిగించింది. ఇద్దరి మధ్యా తేడా జన్మలోనూ అవకాశంలోనూ ఉంది, బుద్ధిలో లేదు.

ఈ తేడాకు ఫలితాలున్నాయి. హస్తకళగా చూస్తే ప్రభుత్వం ఇచ్చేది రుణం, స్టాలు, శిక్షణ తరగతి. శిక్షణలో నేర్పేది కొత్త డిజైన్లు, కొత్త వస్తువులు. పాట నేర్పడానికి అందులో గంట కూడా ఉండదు. దీన్ని విద్యగా చూస్తే చేయాల్సిన పనులు మారతాయి. ఆడగలిగిన పెద్దలు ఉన్నంతలో ఆటలు మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేయాలి. ఏ కుటుంబం ఏ ఘట్టానికి ఎన్ని బొమ్మలు వాడుతుందో, ఏ పాత్రకు ఏ రంగు ఎందుకో రాసిపెట్టాలి. చుట్టుపక్కల బడుల్లో తెలుగు వాచకంలో రామాయణ పాఠం వచ్చిన వారం ఒక బృందాన్ని పిలిపించి గంటసేపు ఆడించాలి. లేపాక్షికి ఏడాది పొడవునా పర్యాటకులు వస్తారు. ప్రధాని వచ్చిన రోజే కాకుండా ప్రతి శని ఆదివారాలు సాయంత్రం అక్కడ తెర కట్టొచ్చు. పెద్ద ఖర్చు కాదిది, రెండు పంచెలు, ఒక దీపం, ఒక కుటుంబానికి నెల జీతం.

కొనేవాళ్లకు

హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఎగ్జిబిషన్‌లో తోలుబొమ్మ కనిపిస్తే ముందు దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. రంగు వెనక నుంచి వెలగాలి. రెండు పక్కలా ఒకే నిండుదనం ఉండాలి. మెషిన్ మీద అచ్చేసిన నకిలీలు వస్తున్నాయి, వాటికి ఒక పక్కే రంగుంటుంది, చిల్లులు అన్నీ ఒకే కొలతలో ఉంటాయి. చేత్తో కొట్టిన చిల్లు పక్కనున్న చిల్లుకు కొంచెమైనా తేడాగా ఉంటుంది. తోలు మూలల్లో మేక ఒంటి మీది నరాల జాడలు సన్నగా కనిపిస్తాయి. అవి లోపాలని బేరమాడకండి.

ఆ తర్వాత అమ్ముతున్నవాళ్లను అడగండి: ఇది ఎవరి బొమ్మ, కథలో ఎక్కడిది, ఇందులో ఇతనికి కోపం ఎందుకు? నెమలి లాంప్‌షేడ్ కొంటున్నా సరే, హనుమంతుడి బొమ్మ ఉందా, ఏ హనుమంతుడు అని అడగండి. పెద్దవాళ్లయితే చేతిలో పని పక్కన పెట్టి చెబుతారు, కొందరు పాడి వినిపిస్తారు. పక్కన ఉన్న కుర్రవాడికో అమ్మాయికో జవాబు తెలియకపోతే ఇంటికి ఫోన్ చేసి తాతనో అవ్వనో అడిగి చెబుతారు. ఆర్డరు ఇచ్చేటప్పుడు పూలతీగ బదులు ఒక ఘట్టం పేరు చెప్పండి. జటాయువు రెక్క తెగే చోటో, లక్ష్మణుడు మూర్ఛపోయిన చోటో, సీత చూడామణి విప్పి ఇచ్చే చోటో. ధర కొంచెం ఎక్కువ చెబుతారు, రోజులు కూడా ఎక్కువ పడతాయి, ఎందుకంటే ఆ బొమ్మ చేసేవాళ్లు ముందు కథ కనుక్కోవాలి.